బసాల్ట్‌కి తెలుగు మాట ఉందా?

ప్రశ్న: పిల్లల సైన్స్ పాఠం తెలుగు చేస్తున్నాను. అగ్నిపర్వతం లావా గడ్డకట్టిన బసాల్ట్‌ని "నల్లరాయి" అంటే సరిపోతుందా?

జవాబు: చిక్కే మేడమ్. మా కొవ్వూరు వైపు పంగిడి క్వారీల్లో కొట్టేది బసాల్టే, ఊళ్లో దాన్ని నల్లరాయనే అంటారు. కానీ గుళ్లో విగ్రహమూ నల్లరాయే, వంటింటి గ్రానైటు గట్టూ నల్లరాయే. బసాల్ట్ అనే ఉంచేయండి.

ఆ మాట పుట్టుక మాత్రం భలే తమాషా. ఈజిప్టువాళ్లు వాదీ హమ్మామాత్ లోయలో తవ్వి, విగ్రహాలకూ శవపేటికలకూ వాడిన ముదురు రాయి పేరు బెఖెన్. గ్రీకులో గీటురాయిని "బసనోస్" అనేవారు, అది బెఖెన్ నుంచి వచ్చిందేనంటారు. దాన్నుంచి "బసనీటెస్". రోమన్ రచయిత ప్లినీ గ్రంథాన్ని ఎత్తిరాసేటప్పుడు ఎవరి చెయ్యి జారిందో, అది "బసాల్టెస్" అయింది! 1546లో ఖనిజాల పండితుడు అగ్రికోలా ఆ తప్పునే తీసుకెళ్లి జర్మనీలో స్టోల్పెన్ కోట కింది నల్లరాతి స్తంభాలకు పెట్టాడు. తీరా చూస్తే బెఖెన్ లావా రాయే కాదు, ఇసుకా బురదా పేరుకుని గట్టిపడిన రాయి.

ఇంకొకరు: గీటురాయి అంటే మా తాతగారు గుర్తొచ్చారు. కంసాలి పని. అరచేతిలో పట్టేంత నల్లటి పలక మీద నగ అంచు ఒక గీత గీసేవారు, పక్కనే వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీత. రెండింటి మీదా యాసిడ్ చుక్క. రాగి ఎక్కువున్న గీత ముందు చెరిగిపోయేది. నగ తెచ్చినవాళ్ల మొహాల్లో టెన్షన్ చూడాలి! ఆయన దాన్ని ఒరగల్లు అనేవారు. ఓరుగల్లూ ఇదేనా?

జవాబు: కాదండీ. ఒరగల్లులో ఉన్నది "ఒరయు", అంటే రుద్దడం. ఓరుగల్లుని ఏకశిలానగరం అన్నారు కదా, అక్కడిది ఒంటి రాయి. ఇంకో మాట, గీటురాయి బసాల్టే కానక్కర్లేదు. నున్నగా, నల్లగా, యాసిడ్‌కి చెక్కుచెదరకుండా ఉంటే చాలు.

గ్రీకుల బసనోస్ అక్కడితో ఆగలేదు. బంగారాన్ని పరీక్షించే మాటే, బానిసలను హింసించి సాక్ష్యం చెప్పించడానికీ పేరైంది. మన గీటురాయి నయం, కొలమానం అన్న అర్థం దగ్గరే ఉండిపోయింది.

ప్రశ్న అడిగినవారు: సరే, బసాల్ట్ అనే రాస్తాను. నల్లరేగడి ఈ రాయి చివికి ఏర్పడిందేనని చేర్చనా?

జవాబు: ఆదిలాబాద్ పత్తి చేల వరకూ రాయండి. రేగడి కనిపించిన ప్రతిచోటా కింద బసాల్ట్ ఉండదు.