పోకర్‌లో 2/4 టేబుల్‌లో మూడు నెలలు గెలిచి, 5/10లో రెండు రాత్రుల్లో ఊడ్చిపెట్టాను. తప్పు ఎక్కడ?

ధర్మాబాద్_మిర్చి (2024 ఫిబ్రవరి)

అన్నలూ, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మిర్చి అడ్తిలో గుమాస్తా పని. రాత్రి దుకాణం మూసి అన్నం తిన్నాక ఫోన్‌లో పోకర్ ఆడతాను. ఇక్కడ మహారాష్ట్ర కాబట్టి యాప్ తెరుచుకుంటుంది, అదే పక్కనున్న బాసర గుడికి పోతే డబ్బు ఆటలు నిషేధమున్న తెలంగాణ లొకేషన్ పట్టి టేబుళ్ళన్నీ మూసుకుంటాయి.

నవంబర్‌లో 4000 వేసి 2/4లో (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పక కట్టే బ్లైండ్స్ 2, 4 రూపాయలు) మొదలుపెట్టాను, జనవరి చివరికి 7200 అయింది. ధైర్యం వచ్చి 5/10కి ఎక్కాను. రెండు రాత్రుల్లో నాలుగుసార్లు వెయ్యితో కూర్చుంటే నాలుగూ పోయాయి. కోపంతో యూపీఐలో ఇంకో 2000 వేశాను, అదీ పోయింది. ఇప్పుడు 3200 ఉంది.

ఈ ఒక్క హ్యాండ్ చూడండి, నిద్ర పట్టడం లేదు. ఆరుగురి టేబుల్, నేనే ముందు మాట్లాడాలి, చేతిలో ఆసు-జాకీ, రంగులు వేరు. 30కి రైజ్ చేశాను (పందెం పెంచాను). బటన్ మీదున్నవాడు (తర్వాతి రౌండ్లలో చివర మాట్లాడేవాడు) 90 చేశాడు, బ్లైండ్స్ కట్టిన ఇద్దరూ ఫోల్డ్ (ముక్కలు పారేశారు), నేను కాల్ (అంతే కట్టాను). ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) ఆసు-9-4. వాడు 100, కాల్. నాలుగో ముక్క (టర్న్) 7, వాడు 250, కాల్. చివరి ముక్క (రివర్) 2, మిగిలిన 560 మొత్తం తోశాడు, కాల్. వాడి దగ్గర ఆసు-రాజు. ఆసు జత పడ్డాక ఎట్లా వదిలేస్తాం చెప్పండి? ఇది నా కర్మ కాదా?

బల్లార్షా_నైట్‌షిఫ్ట్

కర్మ కాదు తమ్మీ. రివర్‌లో కాల్ చేయడం గురించి తర్వాత మాట్లాడదాం, అసలు ఫ్లాప్ పడకముందే నువ్వు ఓడిపోయే దారిలో కాలు పెట్టావు. ముందు కూర్చున్నవాడు రైజ్ చేశాక కూడా బటన్ మీదున్నవాడు మూడు రెట్లు చేశాడంటే, చిన్న టేబుళ్ళలో వాడి దగ్గర ఏముంటుంది? ఆసు-రాజు, ఆసు-రాణి, పెద్ద జతలు. నీ ఆసు-జాకీకి అక్కడ ఆసు పడినా చిక్కే, ఎందుకంటే ఆసు పడితేనే నువ్వు వదలవు, వాడి పక్క ముక్కేమో నీ దానికన్నా పెద్దది. ఆసు-రాజు మీద ఆసు-జాకీ గెలిచేది సుమారు నాలుగింట ఒకసారి. పైగా ప్రతి రౌండ్‌లోనూ నువ్వే ముందు మాట్లాడాలి, వాడు చూసి ఆడతాడు. మొదటి రైజ్ తప్పు కాదు, 90కి ఫోల్డ్ చేసుంటే 30తో పోయేది.

ఇప్పుడు రివర్ లెక్క. 90, 90, బ్లైండ్స్ 15, ఫ్లాప్‌లో ఇద్దరివీ 200, టర్న్‌లో 500, మొత్తం 895. దానికి వాడి 560 కలిస్తే 1455. అది గెలవడానికి నువ్వు 560 పెట్టాలి. అంటే వందకు 28 సార్లయినా నీదే పెద్ద చేయి అయితేనే గిట్టుబాటు. నీతో ఆడే రాత్రి బ్యాచ్ రివర్‌లో స్టాక్ (ముందున్న డబ్బు) మొత్తం తోసి వందకు 28 సార్లు బ్లఫ్ కొడుతుందా? నేను చూసినంతలో పది కూడా కొట్టదు. అట్లాంటప్పుడు ఆసు జత ఉన్నా పారేయాల్సిందే, నొప్పిగానే ఉంటుంది.

ఇక 7200తో 5/10 అంటే ఏడు బై-ఇన్‌లు (ఒకసారి కూర్చోవడానికి పెట్టే డబ్బు, అక్కడ వెయ్యి). క్యాష్ టేబుల్‌కు కనీసం 30 అయినా ఉండాలి అని నేను అనుకుంటాను, టోర్నమెంట్లకయితే వంద. బాగా ఆడేవాడికి కూడా వరసగా పది బై-ఇన్‌లు పోవడం మామూలే. నీ 3200కి సరిపోయేది 1/2 టేబుల్, 200తో కూర్చుంటే 16 సార్లు. నేను చెప్పిన 30లో సగమే, అయినా దిగు. 12000 అయ్యాక మళ్ళీ 2/4 మాట. యాప్‌లో డిపాజిట్ లిమిట్ ఉంటే ఇప్పుడే పెట్టు, కోపంలో వేసిన ఆ 2000 చూసి నాకు హ్యాండ్ కన్నా ఎక్కువ భయం వేసింది.

మహేంద్రతనయ_గట్టు

బాబూ, మాది పర్లాకిమిడి. ఒడిశాలో 1955 నాటి జూద నిషేధ చట్టం నైపుణ్యం ఆటలకు కూడా మినహాయింపు ఇవ్వలేదు, ఏరు దాటి పాతపట్నం వెళ్తే 2020 నుంచి ఆంధ్రాలోనూ కుదరదు. అందుకని మేం ఇంట్లో చింతగింజలతో ఆడుకుంటాం. నవ్వకండి, మా బావమరిది చింతగింజలైనా సరే బ్లఫ్‌లో పోతే రెండ్రోజులు మాట్లాడడు.

చిన్న జతల గురించి ఒక మాట. రెండు మూడ్లు, రెండు నాలుగ్లు చేతికొస్తే అందరూ సెట్ (అదే అంకె మూడోది పడడం) కోసం డబ్బు కడతారు. ఫ్లాప్‌లో సెట్ పడేది సుమారు ఎనిమిదింట ఒకసారి. కాల్ చేసే మొత్తానికి పదిహేను ఇరవై రెట్లు ఎదుటివాడి ముందు లేకపోతే ఆ పని వద్దు. 90 కాల్ చేసేటప్పుడు వాడి స్టాక్ 400 ఉంటే ఏం తీస్తావు?

గుమాస్తా_పెద్దాయన

అందరూ ముక్కల లెక్క చెప్పారు, రూపాయల లెక్క ఒక్కరూ అడగలేదు. నువ్వు అడ్తిలో ఖాతా రాసేవాడివి కదయ్యా! 2023 అక్టోబర్ 1 నుంచి వేసిన డిపాజిట్ మీదే 28 శాతం జీఎస్టీ, అంతకుముందు సైటు తీసుకునే కమిషన్ మీద 18 ఉండేది. అంటే వంద వేస్తే అందులో 78 ఆట, దాని మీద 28 శాతం చొప్పున 22 పన్ను. కొన్ని సైట్లు బోనస్ పేరుతో తిరిగి ఇస్తామంటాయి, షరతులు చదువుకో. డబ్బు తీసుకునేటప్పుడు నికర లాభం మీద 30 శాతం టీడీఎస్. మధ్యలో ప్రతి పాట్‌లో (పందెం మొత్తంలో) సైటు కోసుకునే రేక్, చిన్న టేబుళ్ళలో దాని బరువు శాతంగా చూస్తే ఇంకా ఎక్కువ. ఇన్ని జల్లెళ్ళలో మిగిలేదెంత? 7200లో బోనస్ ఎంతో, నీ ఆటతో వచ్చింది ఎంతో విడదీసి చూశావా?

ధర్మాబాద్_మిర్చి (రెండు రోజుల తర్వాత)

పెద్దాయనా, చూశాను. చూడకపోయినా బాగుండేది. జనవరి చివరికి 3200 లాభం అనుకున్నదాంట్లో 1100 బోనసే. 1/2కి దిగాను. ఒక నోట్‌బుక్ పెట్టి కూర్చున్నప్పుడు ఎంత, లేచినప్పుడు ఎంత, ఎందుకు లేచాను అని రాస్తున్నాను. రెండు బై-ఇన్‌లు పోతే ఫోన్ మా అమ్మకు ఇచ్చేయాలని ఒప్పందం, ఆమె దాంట్లో సీరియల్ పెట్టుకుంటుంది.

ధర్మాబాద్_మిర్చి (2025 సెప్టెంబర్)

పాత థ్రెడ్ లేపుతున్నందుకు ఏమనుకోకండి. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే కొత్త కేంద్ర చట్టం వచ్చాక మా దగ్గర కూడా క్యాష్ టేబుళ్ళు మూసేశారు, ఇప్పుడు ధర్మాబాద్ అయినా బాసర అయినా ఒకటే. ఖాతాలో 2310 ఉంటే తీసుకున్నాను. అంటే ఏడాదిన్నరలో 1/2లో కూడా పైకి పోలేదు, నోట్‌బుక్ ప్రకారం రేక్ లేకపోతే కొంచెం లాభంలో ఉండేవాడిని. ఆ నోట్‌బుక్‌లో సగం ఖాళీ పేజీలు ఉన్నాయి, దుకాణంలో బాకీలు రాస్తున్నాం.

మహేంద్రతనయ_గట్టు, చింతగింజల ఆటకు దసరా సెలవుల్లో ఒక కుర్చీ ఖాళీ ఉందా?