టీకప్ చివావా: కావాలని ఇంకా చిన్నగా పుట్టించడం ఆగాలా?

తోకచుక్క: "పూర్తిగా ఎదిగినా కిలో దాటదు, అరచేతిలో ఇమిడిపోతుంది" అంటూ టీకప్ చివావా కుక్కలకు మామూలు చివావా కన్నా ఎక్కువ ధర చెబుతున్నారు. చిన్నవాటిని ఏరి చిన్నవాటితోనే క్రాసింగ్ చేయించడం ఆగాలా? "అయ్యో పాపం", "ఎంత ముద్దో" కాకుండా కారణాలు రాయండి.

మూగనేస్తం: ఆగాలి. అసలు టీకప్ అనే జాతే లేదు. కుక్కజాతుల ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ. దాని 218వ ప్రమాణంలో చివావా ఆదర్శ బరువు 1.5 నుంచి 3 కిలోలు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పై హద్దు 6 పౌండ్లు (2.7 కిలోలు) అని పెట్టి కింది హద్దు వదిలేసింది. వ్యాపారం దూరింది ఆ సందులోంచే అని నా అభిప్రాయం.

ఒంటి లెక్క చూడండి. కిలోన్నర కుక్క ఊరికే పడుకున్నా రోజుకు 95 కేలరీలు కావాలి, అంటే కిలోకు 63. 30 కిలోల లాబ్రడార్‌కు కిలోకు 30 చాలు. ఖర్చు రెట్టింపు, కాలేయంలో చక్కెర నిల్వేమో చిటికెడు. అందుకే పిల్ల ఒక్క పూట తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది: తూలుతుంది, కళ్లు తేలేస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఆపై ఫిట్స్. అప్పుడు తేనో గ్లూకోజు నీళ్లో వేలితో చిగుళ్లకు రాయాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకున్నాక తిండి పెట్టి, వెచ్చగా చుట్టి, వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. పసిపిల్లలకు రోజుకు నాలుగైదు సార్లు పెట్టాలి, రాత్రి పడుకునే ముందు తప్పనిసరిగా.

సీమసింహం: ఇవన్నీ పెంపకం తెలియక వచ్చే తంటాలు, మూగనేస్తం గారూ. మెడపట్టీ బదులు ఛాతీకి హార్నెస్ వేస్తే శ్వాసనాళం మీద ఒత్తిడి పడదు. సోఫాకు వాలుబల్ల పెడితే దూకి ముందుకాలు విరగ్గొట్టుకోదు. ఆరు నెలలకూ ఊడని పాలపళ్లను కు.ని. ఆపరేషన్ రోజే పీకించొచ్చు. ఇక పొట్టితనమంటారా, అది బ్రీడర్లు కనిపెట్టింది కాదు. ఒంటి పెరుగుదలను నడిపే ఐజీఎఫ్1 జన్యువుతో దానికి లంకె ఉందని 2007లో తేలింది. ఆ పొట్టి రకం 54,000 ఏళ్ల నాటి తోడేలులోనే ఉందని 2022లో బయటపడింది. మాడు పూడకపోవడాన్నీ (నడినెత్తిన పుర్రె ఎముకలు కలవక మెత్తటి ఖాళీ మిగలడాన్నీ) రోగమంటారు గానీ, అమెరికన్ ప్రమాణం పూడినా పూడకున్నా ఒప్పుకుంటుంది.

మూగనేస్తం: ఆ జన్యువు ఉన్నంత మాత్రాన తోడేలు కిలో బరువుకు దిగలేదు కదా! జన్యువు పాతదే. ప్రతి ఈతలో బక్కదాన్ని ఏరి మళ్లీ బక్కదానికే కట్టడం కొత్త. ఎఫ్‌సీఐ అయితే పూడని మాడును అనర్హత కింద రాసింది. 2021లో ఫిన్లాండ్ పరిశోధకుల బృందం 50 చివావాలకు సీటీ తీస్తే 46 పుర్రెల్లో ఎక్కడో ఒకచోట అతుకు పూడలేదు. బరువు తక్కువ వాటిలో ఖాళీలు ఎక్కువ. అన్నిటికీ ఉంది కాబట్టి మామూలే అంటారా? ఊరందరికీ పిప్పిపళ్లుంటే అది ఆరోగ్యమా?

నాలుగుకాళ్లు: "పాతకాలపు మెక్సికోలో టోల్టెక్ జనం పెంచిన టెచిచి అనే చిన్న కుక్కకు చివావా వారసురాలు, కాబట్టి సహజం" అనే వాదన వచ్చేలోపే ఒక మాట. కొలంబస్‌కు ముందటి మెక్సికో కుక్కల ఆనవాలు 2013లో చివావా మైటోకాండ్రియా డీఎన్‌ఏలో దొరికింది నిజమే, కానీ అది తల్లివైపు దారం ఒక్కటే. అమెరికా ఖండాల పాత కుక్కల వంశం దాదాపు తుడిచిపెట్టుకుపోయి, యూరప్ కుక్కలే వాటి చోటికి వచ్చాయని 2018 పరిశోధన తేల్చింది.

అసలు తల్లి ఊసే ఎవరూ ఎత్తలేదు. కిలోంపావు ఆడదానికి కటి ఇరుకు, పిల్ల తల గుండ్రంగా పెద్దది. కడుపులో ఒక్క పిల్లే ఉంటే అది ఇంకా పెరిగి అడ్డం పడుతుంది, ఇక సిజేరియనే. ఆ బరువుకు మత్తుమందు 0.1 మి.లీ. అటూ ఇటూ అయినా ప్రమాదమే. ఆపరేషన్ బల్ల మీద ఒళ్లు చల్లబడటం మరో గండం.

సీమసింహం: తల్లి విషయంలో ఒప్పుకుంటున్నా, అంత చిన్న ఆడదాన్ని కట్టించకూడదు. కానీ మామూలు ఈతలోనూ ఒక బక్కపిల్ల పుడుతుంది. దాన్నేం చేస్తారు?

నాలుగుకాళ్లు: మామూలు ధరకే ఇచ్చి, కు.ని. చేయించే షరతు రాయించుకోవాలి. ఎక్కువ ధర చెప్పారంటేనే అనుమానించండి. మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాల మీద ఉన్న 2017 నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 5 వారాల పిల్లకు 10 వారాలని చెప్పి టీకప్ చేసేస్తారు. ముందుపళ్లు ఇంకా చిగుళ్లలోనే ఉంటే వయసు నమ్మకండి. నడిపించి కూడా చూడండి: వెనక కాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్లీ మామూలుగా నడిస్తే మోకాలి చిప్ప జారుతోందేమో వెట్‌కు చూపించాలి. అమ్మేవాడు మాత్రం "ఆడుకుంటోందండీ" అంటాడు.

సీమసింహం: షరతుకు సరే. మాడు మీద మాత్రం నా మాట మారలేదు.