100 మి.మీ. ఫోర్కు కోసం చేసిన ఉక్కు సైకిలు ఫ్రేముకు 140 ఫోర్కు వేయవచ్చా?

గుట్టదారి (హనుమకొండ):
మిత్రులకు నమస్కారం. నా దగ్గర 26 అంగుళాల చక్రాలతో, 100 మి.మీ. దాకా కుంగే ముందు ఫోర్కు కోసం తయారైన, వెనుక షాక్ లేని పాత క్రోమోలీ (ఒక రకం మిశ్రమ ఉక్కు) హార్డ్‌టెయిల్ సైకిలు ఉంది. రేగొండ దగ్గర పాండవుల గుట్టల రాతిబాటల కోసం దానికి 140 ఫోర్కు బిగించాలనుకుంటున్నాను. ఉక్కు వంగుతుందే గాని విరగదనీ, విరిగినా కాజీపేటలో ఏ వెల్డింగ్ షాపులోనైనా అతికించుకోవచ్చనీ పాతవారు చెబుతున్నారు. కొత్త ఫ్రేము కొనడం అవసరమా?

ఓరుగల్లు సవారీ:
అవసరం లేదు. ఫోర్కు పొడవు పెరిగితే హెడ్ యాంగిల్ (ఫోర్కు దూరే ముందు గొట్టం నేలతో చేసే కోణం) వాలుతుంది, దిగుడులో సైకిలు నిలకడగా ఉంటుంది. బ్రిటన్‌లో ఆన్-వన్ అనే సైకిల్ కంపెనీ వారి 456 అనే ఉక్కు ఫ్రేముకు ఆ పేరు పెట్టిందే 4, 5, 6 అంగుళాల ఫోర్కులు పడతాయని.

పాత స్పానర్:
సవారీ గారి ఉదాహరణే వారి వాదనకు అడ్డు వస్తోంది. 456ను మొదటి నుంచే 6 అంగుళాలు లెక్కలో పెట్టుకొని డిజైన్ గీశారు. గుట్టదారి గారిది అలా గీసిన ఫ్రేము కాదు. ముందు భాగాన్ని 40 మి.మీ. లేపితే హెడ్ యాంగిల్ సుమారు 2 డిగ్రీలు వాలుతుంది, నిజమే. కానీ సీటు కోణమూ అంతే వాలి, ఎక్కుడులో మనిషి బరువు వెనక్కి పోయి ముందు చక్రం తేలుతుంది; బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) దాదాపు 15 మి.మీ. పైకి లేస్తుంది. పైగా హార్డ్‌టెయిల్‌లో కుంగేది ముందు భాగం ఒక్కటే కాబట్టి, 140 ఫోర్కు పూర్తిగా కుంగినప్పుడు హెడ్ యాంగిల్ 7 డిగ్రీల దాకా నిటారవుతుంది. పొడవు ఫోర్కు కోసమే గీసిన ఫ్రేములు 65 డిగ్రీల దగ్గర మొదలవడానికి ఒక కారణం ఇదే.

బలం సంగతి ఇంకా ముఖ్యం. పొడవు ఫోర్కు అంటే హెడ్ ట్యూబ్ (ఫోర్కు దూరే ముందు గొట్టం) మీద పొడవైన గడ్డపార వేసి ఎత్తినట్టే. అందుకే దాని కోసం గీసిన ఫ్రేములకు డౌన్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్ నుంచి పెడళ్ల దగ్గరకు దిగే గొట్టం) లావుగా ఉంటుంది, కింద గుస్సెట్ (బలం కోసం అతికే రేకు) ఉంటుంది. బరువు పెరుగుతుంది, ఉక్కుకు ఉందని మనం మురిసిపోయే ఆ సాగుడు కూడా కొంత పోతుంది. నేను ఇదే ప్రయోగం చేశాను. ఒక సాయంత్రం సైకిలు కడుగుతుంటే డౌన్ ట్యూబ్ అడుగున, హెడ్ ట్యూబ్ అతుకుకు రెండు వేళ్ల వెనుక, గోటికి ముడత తగిలింది. పెయింటు పగుళ్లు అనుకున్నాను. గీకి చూస్తే లోహమే ముడుచుకుంది.

వెల్డింగ్ మాట కూడా సగమే నిజం. మంచి క్రోమోలీ గొట్టం మధ్యలో గోడ మందం 0.6 మి.మీ. ఉండవచ్చు. గేట్లు, గ్రిల్స్ అతికే షాపులో ఆర్క్ రాడ్ తాకిస్తే చిల్లు పడుతుంది. ఇత్తడితో గ్యాస్ అతుకు వేసే చేతివాటం ఉన్నవారు వేరు.

ఓరుగల్లు సవారీ:
ముడత సంగతి ఒప్పుకుంటాను. అయితే 120 దాకా వెళ్లడంలో తప్పు లేదు. ఒక డిగ్రీ తేడాతో పాత సైకిలుకు ప్రాణం వస్తుంది.

పాత స్పానర్:
తయారీదారు ఒప్పుకుంటే సరే. కానీ ట్రావెల్ (కుంగే దూరం) అంకె చూసి కొనకండి. చక్రం ఇరుసు నుంచి క్రౌన్ (ఫోర్కు రెండు కాళ్లు పైన కలిసే చోటు) వరకు టేపుతో కొలవండి.

గుట్టదారి (హనుమకొండ):
కొలిచాను. నా పాత ఫోర్కు 471 మి.మీ., అమ్మకానికి వచ్చిన 140 ఫోర్కు 518. తేడా 40 కాదు, 47. అమ్మే అతనికి వద్దని చెప్పి, 120 కోసం వెతుకుతున్నాను.