ఆస్టెరిక్స్ తెలుగులోకి వస్తే ఆ చేపలవాడి పేరేటి?

మూడులాంతర్లు: అటక దులుపుతుంటే 3 ఆస్టెరిక్స్ పుస్తకాలు దొరికాయి, అవే, రోమన్లకి లొంగని ఓ ఊరి మీద ఫ్రెంచివాళ్ళ బొమ్మల కథలు. ఇంటర్లో ఉండగా విశాఖలో పాత పుస్తకాల కొట్లో కొన్నవి. ఒకదానికి అట్ట లేదు, ఇంకోదానికి చివరి పేజీ లేదు. అంటే రాత్రి ఊరంతా చేరి అడవిపందులు లాగించే విందు బొమ్మ పోయింది. అది చూడకపోతే నాకు కథ అయినట్టుండదు. మా అమ్మాయికి తెలుగులో చెప్పబోయి పేర్ల దగ్గర ఆగిపోయాను. ఆ గాల్ (అంటే పాతకాలపు ఫ్రాన్సు) ఊరి మగాళ్ళ పేర్లకి చివర 'ఇక్స్', రోమన్లకి 'అస్'. అందులో ఉన్న వెటకారం ఎలా చెప్పడం? మీరైతే ఏం పెడతారు?

ఏడురోడ్లు: నా ఓటు చేపలమ్మే అన్‌హైజినిక్స్‌కే. పక్కనే సముద్రం, ఆ మహానుభావుడేమో లుటేషియా నించి, అంటే ఇప్పటి పారిస్ నించి, చేపలు తెప్పిస్తాడు! కమ్మరి 'కంపు' అంటాడు. ఇంకేముంది, చేపలుచ్చుకునే ఊరంతా కొట్టుకుంటారు. నవ్వకండి, కళింగపట్నం ఇంత దగ్గర పెట్టుకుని మా వీధిలో ఐసు చేపే కొంటాం. పేరు: నీసుకంపిక్స్.

వంశధార: మాటకి మాట వెతక్కండి, ఇంగ్లీషువాళ్ళూ వెతకలేదు. ఆ కథల్లో కుక్కపిల్ల ఉంది కదా, ఫ్రెంచిలో దాని పేరు ఇదేఫిక్స్, బుర్రలో పాతుకుపోయిన ఆలోచన అని. ఇంగ్లీషులోకి తెచ్చిన ఆంథియా బెల్, డెరెక్ హాక్రిడ్జ్ దాన్ని డాగ్‌మాటిక్స్ చేశారు. మొండితనమూ ఉంది, కుక్కా దూరింది. పాట వినలేక విందుల్లో ఊరివాళ్ళు చెట్టుకి కట్టేసే ఆ పాటగాడి ఫ్రెంచి పేరైతే బీమా పాలసీ మీద జోకు, దాన్ని వదిలేసి కకోఫొనిక్స్ (కకోఫొనీ అంటే చెవులు చిల్లులు పడే గోల) అన్నారు. మన కుక్కకి నేనైతే విక్రమార్కిక్స్ అంటాను. పట్టు వదలడు. పైగా చెట్టు కూలితే ఏడుస్తాడు. చెట్టే లేకపోతే విక్రమార్కుడికి పనేముంది?

గంటస్తంభం: హహ్హ, ఇదే ఖాయం చేసెయ్యండి. పాటగాడు మాత్రం నా వాటా. 1919లో పెట్టిన మా విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆ కళాశాల వెనక వీధిలో మా పెదనాన్న కూడా పాడేవారు. పొద్దున్న 5కి. పండగ భోజనాల్లో ఆయన గొంతు సవరించుకోగానే మా నాన్న 'అన్నయ్యా, ఇంకో గారె' అని విస్తట్లో పడేసేవారు. చెట్టుకి కట్టెయ్యలేదు, అంతే తేడా. భయమంటే ఏటో తెలీని నార్మన్లు ఆ పాటకే హడలిపోయే కథ చదివినప్పుడు పెదనాన్నే కళ్ళముందు. అపశృతిక్స్ అని పెట్టండి. ఆయన లేరిప్పుడు, ఏమీ అనుకోరు.

జీడితోట: ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. 1977లో కథలు రాసే గోసినీ పోయాక వచ్చినవాటిలో ఆ పస లేదు. ఉదెర్జో బొమ్మలు బొమ్మలే, జోకులే పల్చబడ్డాయి.

వంశధార: సగం ఒప్పుకుంటాను. 1959లో పత్రికలో మొదలైనప్పటి జంట అది, ఒకరు పోతే తెలీదా మరి? అయినా కొనడం మానలేదు కదా మీరూ?

జీడితోట: మానలేదు :(

మూడులాంతర్లు: మా అమ్మాయికి విక్రమార్కిక్స్ చెప్పాను. "అంత పొడుగు పేరు పిలిచేలోపు కుక్క పారిపోద్ది నాన్నా, విక్కీ అను" అంది. నీసుకంపిక్స్ మాత్రం నోట్సు వెనకాల రాసుకుంది, క్లాసులో ఎవరికి పెడుతుందో ఏటో. అన్నట్టు ఎవరైనా ఓ విందు పేజీ ఫొటో తీసి పెడతారా? ఏ పుస్తకానిదైనా పర్లేదు.

ఏడురోడ్లు: పెట్టాను, చూడండి. పైన ఎడం పక్క, చెట్టు మీద గంటస్తంభం గారి పెదనాన్న.