‘పతాక సన్నివేశం’ అంటే కథకు చివరిదేనా?

ప్రశ్న: విశాఖలో మేం కొందరం ఒకరి నవల ఒకరం చదివి మాట్లాడుకుంటుంటాం. నా చిత్తుప్రతికి ముగింపు కుదరలేదని చెబుతూ ఒకరు ‘పతాక సన్నివేశం తేలిపోయింది’ అన్నారు. పక్కనున్న పెద్దాయన ‘పతాకంటే ముగింపు కాదమ్మా, సుగ్రీవుడి కథ’ అన్నారు. ఏది సరి?

జవాబు: పెద్దాయనది శాస్త్రం, మొదటివారిది వాడుక. సినిమా సమీక్షల్లో క్లైమాక్స్‌కి ఆ మాట స్థిరపడిపోయింది, దాన్ని తప్పుపట్టను. నవల రాసేవారికి మాత్రం పాత అర్థమే ఎక్కువ అక్కరకొస్తుంది.

పదో శతాబ్దపు ధనంజయుడు దశరూపకమనే నాటకశాస్త్ర గ్రంథంలో నాయకుడి కథను ఆధికారికమనీ, దానికి తోడొచ్చేదాన్ని ప్రాసంగికమనీ అన్నాడు. ఆ తోడుకథ చాలా దూరం సాగితే పతాక, కాసేపుండి పోతే ప్రకరి. సుగ్రీవుడిది పతాక, జటాయువుది ప్రకరి.

నాటక కథలో సంధులు, అంటే కథ నడిచే దశలు, అయిదు: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. పతాక గర్భంలోనో విమర్శలోనో ముగిసిపోవాలని నాట్యశాస్త్రం. అంటే ముగింపైన నిర్వహణానికి ముందే దాని పని అయిపోవాలి. ఇవాళ్టి వాడుకకి ఇది పూర్తిగా ఎదురు!

సుగ్రీవుణ్ణి చూడండి. రాముడిలాగే అతనూ భార్యకీ రాజ్యానికీ దూరమైనవాడు, అందుకే ఆ స్నేహం అతికింది. అతని సొంత పని కిష్కింధలోనే తీరిపోయింది. తీరాక భోగాల్లో పడి ఇచ్చిన మాట మరిచాడు, లక్ష్మణుడు కోపంగా వస్తే గానీ కదల్లేదు. పతాకనాయకుడు గుణాల్లో నాయకుడికన్నా కొంచెం తక్కువవాడై ఉండాలంటుంది దశరూపకం. ఎంత గొప్ప గమనిక! ఆ తక్కువదనం వల్లే సుగ్రీవుడు మనకు తెలిసిన మనిషిలా ఉంటాడు.

ఇక మీ నవల. కనిపించకుండా పోయిన తమ్ముడి కోసం పెదవాల్తేరు టీచరు వెతుకుతోంది, ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే సరంగు సాయం చేస్తున్నాడు. మీ చిక్కు ముగింపులో లేదు, ఆ సరంగులో ఉంది. ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తాడు, తనకంటూ ఏ బాధా లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కదా, కథను ఆ రోజుల్లో పెట్టండి. బోటు ఒడ్డునుంది, చేతిలో డబ్బాడటం లేదు. తమ్ముడు చివరిసారి ఎక్కిన బోటు ఓనరే ఇతనికి అప్పిచ్చాడు. నిజం చెబితే మళ్ళీ వేటకి పిలుపు రాదు. అందుకని సగమే చెబుతాడు. దొరికినట్టే దొరికి జారిపోయినదాన్ని మళ్ళీ మళ్ళీ వెతకడమే గర్భసంధి, మీకు అది దానంతటదే వచ్చేస్తుంది. నిషేధం ముగిసే రాత్రిలోగా సరంగు అటో ఇటో తేల్చుకుని వేటకి పోవాలి. ఆ తర్వాతి ఘట్టం టీచరుది, ఆమె ఒక్కతిదే.

ప్రశ్న: సరంగు మాటలకి మన యాస పెట్టాను. పాత్ర నిలబడటానికి అది చాలదా?

జవాబు: యాస ఉండాల్సిందే, తీసెయ్యకండి. కానీ ‘నాకేటి తెలుసమ్మా, ఒగ్గీండి’ అన్నాడనుకోండి. ఓనరు పక్కనుండగా అంటే భయం, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అంటే అబద్ధం. ఎవరి ముందు అంటున్నాడో ముందు తేల్చుకోండి, మాట తర్వాత రాసుకోవచ్చు.

ప్రశ్న: మరి కురుపాం మార్కెట్లో కనిపించే ముసలమ్మ? క్లైమాక్స్‌ని తెలుగులో ఏమనాలి?

జవాబు: ఆమె ప్రకరి. తమ్ముడి గుర్తు ఒకటి చెప్పి వెళ్ళిపోయింది, పని అయింది. చివర్లో మళ్ళీ తీసుకురావద్దు. క్లైమాక్స్‌కి నిర్వహణం అంటే ఇవాళ మేనేజ్‌మెంట్ అనుకుంటారు. నేనైతే ముగింపు ఘట్టం అంటాను.