అప్‌డేట్: ల్యాబ్ సిస్టమ్‌లలో పీఎక్స్‌ఈ-ఈ53 ఎర్రర్, సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, మా ల్యాబ్‌లో హార్డ్ డిస్క్ లేని 20 సిస్టమ్‌లు సర్వర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా (పీఎక్స్‌ఈ పద్ధతిలో) ఒకసారి బూట్ అవుతున్నాయి, ఇంకోసారి "పీఎక్స్‌ఈ-ఈ53: నో బూట్ ఫైల్‌నేమ్ రిసీవ్డ్" (బూట్ ఫైల్ పేరు అందలేదు) అని నల్ల స్క్రీన్ మీద ఆగిపోతున్నాయని. సమస్య తీరింది, సాయం చేసిన అందరికీ థాంక్స్.

"నెట్‌వర్క్‌లో ఇంకో డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు ఐపీ అడ్రస్ ఇచ్చే సర్వీసు) ఉందేమో చూడండి" అన్నవారి మాటే నిజమైంది. సర్వర్‌లో టీసీపీడంప్ (నెట్‌వర్క్ ట్రాఫిక్ చూపే టూల్) పెట్టి డీహెచ్‌సీపీ వాడే 67, 68 పోర్టులు చూస్తే ఒక్క డిస్కవర్‌కి (ఐపీ కావాలని సిస్టమ్ అడగడం) రెండు ఆఫర్లు (జవాబులు) వస్తున్నాయి. ఒకటి మా సర్వర్‌ది, రెండోది 192.168.1.1, అంటే వైఫై రౌటర్‌ది. రౌటర్ ఆఫర్‌లో ఐపీ ఉంది కానీ బూట్ ఫైల్ పేరు లేదు, సిస్టమ్ దాన్ని పట్టుకున్నప్పుడల్లా పీఎక్స్‌ఈ-ఈ53 ఎర్రర్.

రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేయడమే తేలిక, కానీ ఆఫీసు గది కూడా దాని మీదే నడుస్తోంది. అందుకని సర్వర్‌లో పాత డీహెచ్‌సీపీ తీసేసి డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్‌ని ప్రాక్సీ మోడ్‌లో పెట్టాను. ఇప్పుడు ఐపీ రౌటర్ ఇస్తుంది, బూట్ ఫైల్ పేరు మాత్రం సర్వర్ చెబుతుంది. ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్టులు 67, 69 (బూట్ ఫైల్ పంపే టీఎఫ్‌టీపీది) తో పాటు ప్రాక్సీ మోడ్ వాడే 4011 కూడా తెరవాలి, ఇది మర్చిపోయి ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను.

అయినా నాలుగు కొత్త సిస్టమ్‌లు లేవలేదు. అవి యూఈఎఫ్‌ఐవి (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్), పాత బయోస్ ఫైల్ వాటికి పనికిరాదు. వాటికి వేరుగా ఈఎఫ్‌ఐ ఫైల్ ఇచ్చి, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని బూట్ ఫైళ్లను అడ్డుకునే సెట్టింగ్) ఆపాక లేచాయి.

కేబుళ్లు, స్విచ్ మార్చడం, టీఎఫ్‌టీపీ ఫోల్డర్ పర్మిషన్లు, వీటికీ ఈ సమస్యకీ ఏ సంబంధమూ లేదు. నిన్న ఉదయం 20 సిస్టమ్‌లూ ఒకేసారి ఆన్ చేస్తే అన్నీ లాగిన్ దాకా వచ్చాయి.