సముద్రపు నీళ్ళు తెచ్చుకోవాలా, ఉప్పు కొని కలుపుకోవాలా?

మిద్దెమీద_ట్యాంకు (తిరుపతి)
అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్ళుగా మంచినీళ్ళ చేపలు పెంచుతున్నాను. ఇప్పుడు ఉప్పునీళ్ళ ట్యాంకు పెడదామని 200 లీటర్లది చేయించాను. అడగాల్సింది ఒక్కటే. చెన్నై కొళత్తూరులో ఒక షాపాయన ప్యాకెట్ ఉప్పు (ఇలాంటి ట్యాంకుల కోసమే తయారుచేసి అమ్మే ఉప్పు మిశ్రమం) తప్ప ఇంకేమీ వాడొద్దన్నాడు. అమ్మేదీ ఆయనే కాబట్టి నమ్మబుద్ధి కాలేదు. 2022లో జిల్లాలు విడగొట్టాక మన తిరుపతి జిల్లాకూ సముద్రం వచ్చింది కదా. మా బావమరిదికి గూడూరులో వ్యాన్ ఉంది. తూపిలిపాళెం పోయి నాలుగు డ్రమ్ములు నింపుకొస్తే పోదా? సముద్రంలో పుట్టిన చేపకి సముద్రం నీళ్ళకన్నా మంచివి ఏముంటాయి?

చిటికెడుప్పు (రేణిగుంట)
వద్దన్నా. నేను తెచ్చి చెడినవాణ్ణి. రెండేళ్ళ కిందట నవంబర్లో, వానలు తెరిపిచ్చిన రెండో రోజు తెచ్చాను. నీళ్ళు చూడ్డానికి బాగానే ఉన్నాయి. అప్పటికి రిఫ్రాక్టోమీటర్ (నీళ్ళలో ఉప్పు కొలిచే మీటర్) కొనలేదు, అదీ నా తెలివి. చేపలు తట్టుకున్నాయి గానీ క్లీనర్ రొయ్యలు రెండూ మర్నాటికే చచ్చిపోయాయి. తర్వాత ఫ్రెండ్ మీటర్‌తో చూస్తే సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు పాళ్ళు, వెయ్యికి 26. ఉండాల్సింది 35.

కారణం తర్వాత అర్థమైంది. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. స్వర్ణముఖి ఏరు, తూపిలిపాళెం ఉన్న వాకాడు వైపే పోయి సముద్రంలో కలుస్తుంది, ఆ వాన నీళ్ళకి ఒడ్డున ఉప్పు పలచబడుతుంది. చంద్రగిరి, తిరుపతి, కాళహస్తి, నాయుడుపేట, దారిలో ఎవరు వదిలింది వాళ్ళ పుణ్యం. మనం వదిలిన నీళ్ళనే డీజిల్ పోసుకొని పోయి మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటున్నామన్నమాట.

లెక్క కూడా వేసుకో. వారానికి ట్యాంకు నీళ్ళలో పదో వంతు మార్చినా 20 లీటర్లు. లీటరుకు 36, 38 గ్రాముల ఉప్పు పడుతుంది. అంటే ముప్పావు కిలో. ముప్పావు కిలో ఉప్పు కోసం రానుపోను రెండు వందల కిలోమీటర్ల పైన ప్రయాణమా?

హ్యాచరీ_పనోడు (కోట)
చిటికెడుప్పు గారూ, మీరు చెప్పిన నవంబర్ సంగతి నిజమే. కానీ తప్పు సముద్రానిది కాదు, తెచ్చిన రోజుది. నేను వెనామీ రొయ్య పిల్లల హ్యాచరీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ సముద్రం నీళ్ళతోనే లక్షల లక్షల పిల్ల తీస్తున్నాం. రొయ్య పిల్ల మీ చేపకన్నా సున్నితం.

ఒడ్డున బకెట్ ముంచి తెస్తే మాత్రం ఎవరికైనా అదే గతి. మేం ఏటి మొగకి దూరంగా, ఇసుకలో బోరు దించి లాగుతాం. ఇసుకే మొదటి ఫిల్టర్. తర్వాత బ్లీచింగ్ వేస్తాం, ఒక రోజంతా గాలి కొడతాం. మిగిలిన క్లోరిన్‌ని సోడియం థయోసల్ఫేట్‌తో విరగ్గొట్టి, పరీక్ష చేసి సున్నా వచ్చాకే ట్యాంకులోకి వదులుతాం. చుట్టూ రొయ్యల గుంటలున్న తీరం, రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ భయం ఎప్పుడూ ఉంటుంది, అందుకే ఇంత తతంగం. ఫిబ్రవరి నుంచి మే దాకా సెలినిటీ నిలకడగా ఉంటుంది. ఆ రోజుల్లో ఒకేసారి 400 లీటర్లు తెచ్చి చీకట్లో మూతపెట్టి ఉంచుకుంటే అయిదు నెలలు వస్తాయి. వారం వారం ఎవరు పోమన్నారు?

ఇంకో మాట, పులికాట్‌లో మాత్రం ముంచుకోకండి. అది సరస్సు, ఉప్పు ఒక్కో నెలలో ఒక్కో తీరుగా ఉంటుంది.

చిటికెడుప్పు
అన్నా, మీకు ల్యాబ్ ఉంది, పరీక్ష చేసే మనుషులున్నారు. ఈయన మిద్దె మీద బ్లీచింగ్ డబ్బాతో కూర్చుంటే ఇంట్లో వాళ్ళు ఊరుకుంటారా? ప్యాకెట్ ఉప్పులో ఆ టెన్షన్ లేదు. ఈ రోజు కలిపినా ఆరు నెలల తర్వాత కలిపినా ఒకటే నీళ్ళు.

కొత్తగా_వచ్చా
తప్పుగా అనుకోవద్దు. రాళ్ళుప్పు కూడా సముద్రం నుంచి వచ్చిందే కదా? కిలో ఇరవై రూపాయలు. అది వేస్తే?

చిత్తూరు_టీచర్
తప్పేం లేదు బాబూ, మా పిల్లలూ ఇదే అడుగుతారు. ఉప్పు మళ్ళల్లో నీరు ఇంకేటప్పుడు అన్నీ ఒక్కసారి గడ్డ కట్టవు. కాల్షియం ముందే సున్నంగా, జిప్సంగా అడుగుకి చేరుతుంది. తర్వాత మనం తినే ఉప్పు గడ్డ కడుతుంది. మెగ్నీషియం చివర మిగిలే చేదు నీళ్ళలో ఉండిపోతుంది, దాన్ని పారబోస్తారు. సముద్రపు నీళ్ళలో లీటరుకు కాల్షియం 400 మిల్లీగ్రాముల పైన, మెగ్నీషియం 1300 దాకా ఉంటాయి. రాళ్ళుప్పు కలిపితే ఈ రెండూ దాదాపు ఉండవు. పులుసులోకి సరిపోతుంది, ట్యాంకులోకి కాదు.

ఇక పై ఇద్దరికీ ఒక మాట. మీరు నెలకు మార్చే 80 లీటర్ల గురించి కొట్లాడుకుంటున్నారు. ఆవిరయ్యే నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లోనూ 200 లీటర్లదే. చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) కొనలేక ఫ్యాన్లు పెట్టాను. ఫ్యాన్‌తో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ మే నెలలో రోజుకు నాలుగు లీటర్ల పైనే ఎగిరిపోతాయి. నెలకు 120 లీటర్లు! ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. కాబట్టి పోసేది మంచినీళ్ళే అయి ఉండాలి. మా బోరు నీళ్ళ టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాలు, 900. అవే పోస్తూ పోతే నాలుగు నెలల్లో ట్యాంకు గోధుమరంగు పాచితో నిండిపోయింది. నేను పోసుకున్న పాపం అది. అంటే సముద్రం నీళ్ళు తెచ్చినా, ఉప్పు కొన్నా, ఆర్వో ఫిల్టరు, దాని తర్వాత మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ రెసిన్ తప్పవు. అవి ఎలాగూ కొంటారు కాబట్టి ఉప్పు కలుపుకోవడమే సులువని నా లెక్క.

హ్యాచరీ_పనోడు
మేడమ్, ఆవిరి సంగతి ఒప్పుకున్నాను. కానీ ఆర్వో లీటరుకు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది కదా. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకొని నిలబడే వీధిలో, ఉప్పు కలపడానికీ అవే నీళ్ళు వాడితే వృథా ఇంకా పెరుగుతుంది. ఆ భాగమైనా సముద్రం నుంచి వస్తే మంచిదేగా?

చిత్తూరు_టీచర్
ఆ మాట నేను కొట్టేయను. మేం ఆ నీళ్ళు పట్టి బట్టలుతకడానికి, నేల కడగడానికి వాడుతున్నాం. అందరూ పట్టరు, అది నిజమే.

మిద్దెమీద_ట్యాంకు
ఇంత ఉందని తెలీదు. ఇంకో ఆశ కూడా ఉండింది. సముద్రం నీళ్ళయితే సైక్లింగ్ (చేపల్ని వదిలేముందు ట్యాంకులో మంచి బాక్టీరియా పెరిగేదాకా ఆగడం) తప్పుతుందని, వెంటనే చేపలు వదలొచ్చని. అలాగే పోయినప్పుడు ఒడ్డున పగడపు రాళ్ళేమైనా దొరికితే తెద్దామని.

చిటికెడుప్పు
సైక్లింగ్ ఎట్లా తప్పుతుంది? అమ్మోనియాని తినే బాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండదు, రాళ్ళ మీదా ఇసుక మీదా కాపురం పెడుతుంది. పైగా అన్న చెప్పినట్టు బ్లీచింగ్ వేస్తే ఉన్నదీ చస్తుంది. ఏ నీళ్ళు పోసినా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాల్సిందే. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాక చూద్దాం.

చిత్తూరు_టీచర్
రాళ్ళ సంగతి నేను చెబుతాను. మన తీరంలో పగడపు దిబ్బలు లేవు, అవి కావాలంటే మన్నార్ సింధుశాఖ దాకా పోవాలి. దొరికినా ముట్టొద్దు. దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ 2001లో 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. సముద్రపు గుర్రాలూ అంతే. షాపులో ఎవరో అమ్మజూపినా సరే. నా ట్యాంకులో కృత్రిమ రాయి, హ్యాచరీలో పుట్టిన క్లౌన్ చేపలే ఉన్నాయి. దానికే మా ఆయన కరెంటు బిల్లు చూసి నిట్టూరుస్తున్నాడు.

మిద్దెమీద_ట్యాంకు
సరే. మొదటి నింపు ప్యాకెట్ ఉప్పుతోనే చేస్తాను, ఆర్వో ముందు కొంటాను. కానీ పనోడన్నా, మనసు ఒప్పడం లేదు. ఫిబ్రవరిలో మీ దగ్గరికొస్తే శుద్ధి చేసిన నీళ్ళు రెండు డ్రమ్ములు ఇప్పించగలరా? రెండు చిన్న తొట్లలో పక్కపక్కన పెట్టి చూస్తాను.

హ్యాచరీ_పనోడు
రండి. మా ఓనర్‌ని అడిగి పెడతా. డ్రమ్ముల్లో ఇంతకుముందు ఏం పోశారో కనుక్కొని తేండి. యాసిడ్ డ్రమ్ములు తెచ్చారంటే గేటు దగ్గరి నుంచే పంపేస్తా.

చిటికెడుప్పు
పోయేముందు నా దగ్గరికొచ్చి రిఫ్రాక్టోమీటర్ పట్టుకుపో అన్నా. 35 సెలినిటీ ద్రావణంతో సరిచేసి పెట్టాను, స్క్రూ ముట్టుకోవద్దు. తిరిగి ఇవ్వాలి మరి. పోయినసారి ఇచ్చినాయన ఇంకా ఇవ్వలేదు, ఇది రెండోది.